కనుమ ఎక్కేటప్పుడు తడిసే సీటు

మార్కాపురం చుట్టుపక్కల పలక గనుల్లో పనిచేసేవాళ్ళు ఇప్పటికీ ఒక ఆడమనిషి గురించి చెప్పుకుంటుంటారు. చచ్చిపోయిన కూతుర్ని గని యజమాని కారు మీదికి ఉసిగొల్పిందట. ఆ కారు వెనక సీటు మండుటెండలో కూడా తడిసిపోయేదట. ఆమెను ఊరు దాటించాక గానీ ఆ తడి ఆరలేదట. మొన్న కంభం దగ్గర ఒక లారీ కింద పడుకొని నేను బోల్టు బిగిస్తుంటే, పక్కన నిలబడ్డ డ్రైవరు తన తోటివాడికి ఇదే కథ చెప్పాడు. ఆ కారు నడిపినవాడు తన కాళ్ళ దగ్గరే ఉన్నాడని అతనికి తెలియదు. నేనూ బయటికి వచ్చి చెప్పలేదు. ఇంటికి వచ్చి చేతులు కడుక్కొని ఇది రాయడం మొదలుపెట్టాను.

ఇది రెండో ప్రపంచ యుద్ధానికి ముందు మాట. మా యజమానికి ఊరి బయట పలక గని ఉండేది. నేలలోంచి రాయి తీసి, పలచటి పొరలుగా చీల్చి, అంచులు కోసి, చెక్క చట్రాలు బిగించి, బడిపిల్లలు రాసుకొనే పలకలు చేసి రైలు మీద ఎక్కడెక్కడికో పంపేవాడు. మద్రాసులో ఒక దొర సీమకు పోతూ అమ్మేసిన నల్ల కారును ఆయన కొన్నాడు. ఆ కారు పైకప్పులో వెనక్కి జరిగే మూత ఒకటి ఉండేది. చలిదేశం వాళ్ళు ఎండ కోసం పెట్టుకున్న ఏర్పాటు. మా మట్టి మిద్దెలకు వెలుతురు కోసం పైన గవాచి పెడతారు గదా, అట్లాంటిదే. చూసినవాళ్ళంతా "కారుకు గవాచి ఏందిరా" అని నవ్వేవాళ్ళు. నెత్తిన ఎండ పడాలని కోరుకొనే మనిషి మా తాలూకాలో ఎవడూ లేడు కాబట్టి ఆ మూత ఎప్పుడూ మూసే ఉండేది.

కర్నూలులో బస్సు షెడ్డులో పని నేర్చుకొని వచ్చిన నన్ను డ్రైవరుగా పెట్టుకున్నారు. గనికి పోయి వచ్చేసరికి కారు మీద బూడిదరంగు పొడి మందంగా పేరుకొనేది. అది యజమానికి నచ్చేది కాదు. అందుకని రోజూ ఉదయం కారు పైనుంచి కిందికి బిందెలతో నీళ్ళు గుమ్మరించి కడిగేవాణ్ణి. ఈ కడగడం సంగతి గుర్తుంచుకోండి.

గని పక్కనే పాత గుంత ఒకటి ఉండేది. రాయి అయిపోయాక వదిలేసింది. వాననీళ్ళకు ఊట కూడా తోడై ఏ కాలంలోనూ ఎండేది కాదు. నీళ్ళు నల్లగా, కదలకుండా, అప్పుడే తుడిచిన పలకలాగా ఉండేవి. అందులో ఆకాశం కనపడేది కాదు. ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు. పనివాళ్ళు దాని అంచున దిగి కుండలు ముంచుకొనేవాళ్ళు. అంచంతా పలక ముక్కలే. కాలు పెడితే జారేవి.

తల్లీకూతుళ్ళు ఇద్దరు ఆ గనిలో పలకల అంచులు కోసేవాళ్ళు. క్రైస్తవుల పల్లె వాళ్ళు. ఆదివారం పనికి వచ్చేవాళ్ళు కాదు. మిగతా రోజుల్లో అందరికంటే ముందు వచ్చేవాళ్ళు. కూతురికి పదిహేను, పదహారేళ్ళు ఉంటాయి. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల నీళ్ళకని గుంతలోకి దిగింది. కాసేపటికి కుండ ఒక్కటే నీళ్ళ మీద తేలుతూ కనిపించింది.

పైకి తీసేసరికి చాలాసేపయింది. ఆ సమయానికి యజమాని గని దగ్గరే ఉన్నాడు. కారు తలుపు ఆయనే తెరిచాడు. "ఎక్కియ్యండి, ఆస్పత్రికి తీసకపోదాం" అన్నాడు. మేస్త్రీ ఒకడు చెవిలో "అయ్యా, పాణం పోయినట్లుండాది, కారులోకి వద్దు" అని గొణిగితే, "నోరు ముయ్‌రా" అని కసిరాడు. ఆయన గురించి తర్వాత చెప్పబోయేది ఏదైనా, ఈ మాట కూడా చెప్పాలి.

తల్లి ఆ పిల్లను వెనక సీటులో ఎడమవైపు కూర్చోబెట్టి, తల తన భుజానికి ఆనించుకుంది. పడుకోబెట్టమంటే వినలేదు. "పండుకుంటే నీళ్ళు గొంతుకొస్తాయి" అన్నది. నేను బండి తోలుతూ ఎదురుగా ఉన్న చిన్న అద్దంలో ఒక్కసారి చూశాను. పిల్ల కళ్ళు సగం తెరిచి ఉన్నాయి. జడ కొసనుంచి సీటు మీదికి చుక్క చుక్కగా నీళ్ళు పడుతున్నాయి. కారులో అంతా పలక వాసన. చిన్నప్పుడు బడిలో పలక మీద ఉమ్మి పూసి అరచేత్తో తుడిస్తే వచ్చేదే, ఆ వాసన.

"అయ్యా, ఆ గుంత పూడ్పియ్యి. ఇంకొకరి బిడ్డ పోగూడదు" అన్నది తల్లి. ఆమె ఏడవడం లేదు.

నా పక్కన కూర్చున్న యజమాని వెనక్కి తిరిగి, "పూడ్పిస్తానమ్మా" అన్నాడు.

"మాటేనా?"

"మాటే. ఇదిగో, వీడు వింటాండాడు గదా. వీడే సాక్షి."

నేను తల ఊపాను. ఆస్పత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకొని చూసి, మీరు బయల్దేరేటప్పటికే ప్రాణం లేదన్నాడు.

శవం ఎక్కిన బండి గదా, శుద్ధి చేయించాలని యజమాని ఇంట్లో పట్టుబట్టారు. పురోహితుడు వచ్చాడు. బండిని ఇల్లు మాదిరే చూడాలని, ఇంటికి గవాచి ఉంటే అక్కణ్ణుంచే సంప్రోక్షణ చేయాలని ఆయన ఉద్దేశం. నా చేత పైమూత వెనక్కి జరిపించాడు. స్టూలు మీదికెక్కి, మామిడాకులతో పసుపునీళ్ళు పైనుంచి లోపలికి చల్లాడు. మంత్రం మంత్రానికి గుప్పెళ్ళతో అక్షింతలు పోశాడు. లోపల పడిన గింజల్ని నేను ఊడ్చేశాను. మూత అంచుల్లో పడ్డవి నాకు కనపడలేదు. మూత జరిపి మూసేశాను.

గుంత పూడ్చే పని మొదలు కాలేదు. చేద్దాం, చూద్దాం అంటూ రోజులు గడిచాయి. ఎండలు ముదిరాయి.

యజమాని భార్య పుట్టిల్లు నంద్యాల. గిద్దలూరు దాటి నల్లమల అడవిలో కనుమ ఎక్కి దిగితే అటువైపు. ఒకరోజు ఉదయాన్నే కారు కడుక్కొని బయల్దేరాం. వెనక సీటులో ఎడమవైపు యజమాని, కుడివైపు ఆయన బామ్మర్ది. ఆ బామ్మర్ది నోరు ఊరుకొనే రకం కాదు. గిద్దలూరు దాకా ఏదో ఒకటి వాగుతూనే ఉన్నాడు. అడవిలోకి వచ్చాక ఎత్తు మొదలైంది. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి ఇంజను నీళ్ళు మరిగి ఆవిరి లేచింది. ఒక మలుపులో, ఎండిపోయిన వాగు పక్కన బండి ఆపి, చక్రాల కింద రాళ్ళు పెట్టి, బానెట్టు ఎత్తాను.

ఇంజను ఆపితే అడవి ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో విన్నవాళ్ళకే తెలుసు. ఆకులన్నీ రాలిపోయిన చెట్లు. గాలి లేదు. వేడెక్కిన ఇనుము టిక్కు టిక్కుమని చప్పుడు చేస్తోంది. ఆ చప్పుడు మధ్యలో ఇంకొక చప్పుడు వినపడింది. చుక్క పడే చప్పుడు.

"ఎవరురా అది?" అన్నాడు యజమాని లోపల్నుంచి. ఏంటది అని అడగలేదు. ఎవరు అని అడిగాడు.

నేను వచ్చి చూశాను. ఆయన ఎడమ భుజం తడిసిపోయింది. సీటు మీద గుండ్రంగా ఒక తడి మచ్చ, ఎవరో కూర్చొని లేచినట్టు. చూస్తుండగానే ఇంకొక చుక్క పడింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. వాగులో చెంచాడు నీళ్ళు లేవు.

బామ్మర్ది పగలబడి నవ్వాడు. "ఏం బావా, కనుమ చూడంగానే ఉచ్చ పోసుకొన్నావా?"

"భుజం మీదనా పోసుకొనేది?" అన్నాడు యజమాని. ఆయన గొంతులో నవ్వు లేదు. బామ్మర్ది సీటు మీద చెయ్యి పెట్టి చూసి, వేలు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అంతటితో అతని నవ్వు ఆగిపోయింది. నాకు కూడా ఆ వాసన అందింది. తడి పలక వాసన.

అది ఆ పిల్ల కూర్చున్న చోటు. ముగ్గురికీ తెలుసు. యజమాని దిగి ముందు సీటులోకి వచ్చి కూర్చున్నాడు. నంద్యాల చేరేదాకా బామ్మర్ది కుడి తలుపుకు అతుక్కొనే ఉన్నాడు. తిరుగు ప్రయాణంలో ఒక్క చుక్క పడలేదు. సీటు పొడిగా ఉంది. అది చూసి మాకు ఇంకా భయం వేసింది.

మర్నాడే గుంత దగ్గరికి ఎద్దుబండ్లు వచ్చాయి. గనిలో కొండల్లా పడి ఉన్న పనికిరాని పలక ముక్కల్ని తెచ్చి గుంతలో దిమ్మరించడం మొదలుపెట్టారు. ఆ తల్లి పని మధ్యలో లేచి వచ్చి, నీళ్ళలోకి రాయి పడుతుంటే చూస్తూ నిలబడేది. ఒకసారి నా దగ్గరికి వచ్చి, "మాట నిలబెట్టుకున్నాడు నాయనా. మంచోడే" అన్నది.

"కారులో ఏందో జరిగిందంట గదా?" అని కూడా అడిగింది. జరిగింది చెప్పాను.

"ఎడం పక్కనేనా?"

"ఎడం పక్కనే."

"మా చర్చి అయ్యగారు చచ్చిపోయినోళ్ళు మళ్ళా రారని చెప్తాడు. తీర్పు రోజుదాకా నిద్రపోతారంట" అన్నది. అని పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అది ఏడుపు కాదని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది.

రెండోసారి నంద్యాల పోయినప్పుడు కూడా అంతే. అదే కనుమ, అదే ఎత్తు, అదే ఎడమ మూల. యజమాని ముందు సీటులో ఉన్నాడు. వెనక ఎవరూ లేరు. ఖాళీ సీటు మీద చుక్క పడుతున్న చప్పుడు వింటూ బండి తోలాను. అద్దంలోకి చూడకూడదని గట్టిగా అనుకున్నాను. చూశాను. ఖాళీ సీటే. కానీ తోలు మీద తడి పాకుతూ వెడల్పవుతుంటే, అక్కడ బరువేదో కుదురుకుంటున్నట్టే అనిపించింది.

మొదటిసారి తడిసినప్పటినుంచి యజమాని పక్కన పడేసిన తెల్ల చొక్కాను చాకలికి వేసే ముందు ఎందుకో పట్టి చూశాను. తడి ఆరిన చోట బూడిదరంగు మరక. దాని అంచున పసుపు గీత. దయ్యానికి పసుపు గిట్టదంటారు గదా, దయ్యం తెచ్చిన నీళ్ళలో పసుపు ఎందుకుంది? ఆ ప్రశ్న పుట్టాక నాలో భయం పోయి పనివాడు లేచాడు.

బండిని ఎండలో పెట్టి లోపలి చాపలు, సీటు ఊడదీశాను. పలక పొడి ఆరి ఉన్నప్పుడు తెల్లగా ఉంటుంది, చుక్క తగిలితే నల్లబడుతుంది. గనిలో పుట్టిన పొడిని మెత్తగా జల్లించి, గుడ్డతో పైకప్పు లోపలి అంచులకంతా అద్దాను. తర్వాత బయట నీళ్ళు పోశాను. పొడి ఎక్కడా నల్లబడలేదు. బండి చదునుగా ఉంది మరి. కనుమ గుర్తొచ్చింది. ముందు చక్రాల కింద పలకలు పేర్చి, బండి ముక్కు పైకి ఎత్తి పెట్టాను. లోపలికి దూరి కూర్చొని చూస్తున్నాను. కాసేపటికి వెనక ఎడమ మూలలో తెల్లటి పొడి మీద సన్నటి నల్ల గీత పుట్టి, మెల్లగా పొడుగయి, కొసన చుక్కగా వేలాడి, సీటుండే చోట పడింది. కారణం తెలిసీ ఒళ్ళు జలదరించింది.

పైమూత చుట్టూ రేకు కాలవ ఉంటుంది. మూత సందుల్లోంచి దిగిన నీళ్ళు ఆ కాలవలో పడి, మూలల్లో ఉన్న సన్న గొట్టాల గుండా కిందికి పోవాలి. వెనక ఎడమ గొట్టంలో సైకిలు పుల్ల దూర్చితే దిగలేదు. గుచ్చి గుచ్చి లాగితే బయటికి వచ్చింది పలక పొడి, పసుపు, ఉబ్బి కుళ్ళిన అక్షింతలు, అన్నీ కలిసి సిమెంటులాగా గట్టిపడిన ముద్ద. రోజూ నేను పోసే బిందెల నీళ్ళు ఆ కాలవలో నిలిచి, చదును రోడ్డు మీద అంచు దాటక, కనుమ ఎక్కేటప్పుడు వెనక్కి జరిగి సీటు మీదికి దిగుతున్నాయి. చచ్చిపోయిన పిల్లను వెళ్ళగొట్టడానికి పోసిన గింజలే ఆమెను తిరిగి తెచ్చి కూర్చోబెట్టాయి.

పొంగిపోయాను. ముద్దను అరచేతిలో పెట్టుకొని పరుగున పోయి యజమానికి చూపించాను. ఆయన దాన్ని వేలితో చిదిమి, ఒక గింజ బయటపడగానే, నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"అక్షింతలా! ఓరి నీ... అక్షింతలకా నేను ఇన్ని దినాలు నిద్రలేకుండా చచ్చింది!"

ఆ తర్వాత గుంత దగ్గరికి ఎద్దుబండ్లు రాలేదు. నేను మెల్లగా గుర్తు చేస్తే, "సగం పూడింది గదా. మిగిలింది వానాకాలం పోనీ, చూద్దాం" అన్నాడు. సగం పూడటం మునుపటికంటే ప్రమాదం. పైనుంచి చూస్తే నీళ్ళు తక్కువగా కనపడతాయి, దిగితే వదులు పలకలు కాలి కింద కదిలి లోపలికి లాగుతాయి. ఆయనకు తెలియక కాదు.

ఆ తల్లి యజమాని దగ్గరికి వచ్చింది. నేను కారు తుడుస్తున్నాను. ఆమె నెమ్మదిగానే అడిగింది. "మాటిచ్చినావు గదయ్యా. బండ్లు నిలిచిపోయినాయి."

"నేను చూస్తానని గదా అన్నాను. పూడ్పిస్తానని ఎప్పుడన్నాను?"

ఆమె నావైపు తిరిగింది. "నాయనా, నువ్వు విన్నావు గదా. నిన్నే గదా సాక్షి అనింది. చెప్పు."

యజమాని కూడా నావైపు చూశాడు. కోపంగా చూడలేదు. ఊరికే చూశాడు.

"నేను రోడ్డు చూస్తా ఉంటి అమ్మా. నాకేం వినపడలేదు" అన్నాను.

ఆమె నన్ను తిట్టలేదు. నా చేతిలోని తడిగుడ్డ వైపు కాసేపు చూసి వెళ్ళిపోయింది.

చెప్పాల్సింది అసలు ఇక్కడ ఉంది. నోటితో చెప్పలేని నిజాన్ని కారు చేత చెప్పించాలనుకున్నాను. ఊరందరికీ మేలు చేసే తెలివి అని కూడా అనుకున్నాను. పలక పొడిలో ఆముదం, నానబెట్టిన బియ్యం కలిపి ముద్ద చేశాను. నేను తెరిచిన గొట్టాన్ని నా వేలితోనే మళ్ళీ మూశాను.

ఈసారి కనుమలో చుక్క పడగానే యజమాని ముఖం పాలిపోయింది.

"గొట్టం తెరిచే ఉండాదా?"

"ఉండాదయ్యా. ఉదయమే పుల్ల పెట్టి చూసినాను."

"నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాండాయి మరి?"

"నాకు తెలియదయ్యా."

బండ్లు మళ్ళీ వస్తాయని నేను ఎదురుచూశాను. బండ్లకు బదులు కనిగిరి వైపునుంచి ఒక మంత్రగాడు వచ్చాడు. ఈ ఒక్కటి నా లెక్కలోకి రాలేదు. మొదటిసారి భయపడినప్పుడు యజమాని తన తప్పు వైపు చూశాడు. భయం పోయి తిరిగి వచ్చేసరికి ఇంకొకరి తప్పు వెతికాడు. మంత్రగాడు కారు చుట్టూ తిరిగి, సీటు మీద చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకొని, "పిల్ల తనంతట తాను రాలేదు. పిలిచేవాళ్ళుండారు. పిలిచే నోరు ఊర్లో లేకుంటే తడి ఆరిపోతాది" అన్నాడు.

ఎవరి నోరో ఎవరికీ చెప్పాల్సిన పని లేకపోయింది. ఆమె ఉంటే ఆ పల్లెలో ఒక్కరికీ గనిలో పని ఉండదని మేస్త్రీ కబురు చేశాడు. ఆమెను పొమ్మన్నది చివరికి ఆమె పల్లె వాళ్ళే. ప్రార్థనలో పక్కన కూర్చొనేవాళ్ళే. గొట్టం మూసింది నేనని ఒక్క మాట చెబితే సరిపోయేది. యజమాని ముందు దొంగనవుతానని, పని పోతుందని చెప్పలేదు. ఇంకా పచ్చిగా చెప్పాలంటే, ఎవరైనా అడిగితే చెబుదామని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు.

ఆమె ఊరు వదిలిన ఉదయం నేను బండి తీసుకొని గనికి పోతున్నాను. నెత్తిన మూట, చేతిలో తాడు, తాడు చివర ఒక మేక. రోడ్డు పక్కకు తప్పుకొని నిలబడింది. దుమ్ము ఆమె మీద పడకూడదని నిదానంగా పోయాను. అంతకంటే ఏమీ చేయలేదు.

గని దగ్గర బండి ఆపి, సైకిలు పుల్లతో గొట్టం శుభ్రంగా తెరిచాను. ఊది చూశాను, గాలి సులువుగా పోయింది. లోపల అంచులకంతా పలక పొడి అద్దాను. ఇక జన్మలో ఆ మూల తడవకూడదనుకున్నాను. ఆ రోజు కారు కడగలేదు. మూత తెరవలేదు. వాన లేదు. యజమానిని ఎక్కించుకొని ఇంటికి వచ్చాను. దారంతా చదునే. ఆయన దిగి లోపలికి పోయాక, వెనక తలుపు తెరిచి చూశాను.

సీటు ఎడమవైపు తడిగా ఉంది. చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. పైన అద్దిన పొడి ఎక్కడా నల్లబడలేదు. గీత లేదు, చుక్క లేదు, తెల్లగా అట్లనే ఉంది. నేల మీద, తలుపు సందుల్లో, అద్దం చట్రంలో, వంగి, పడుకొని, వేళ్ళతో తడిమి వెతికాను. నీళ్ళు వచ్చిన దారి కనపడలేదు. ముక్కు దగ్గర పెట్టి చూస్తే పలక వాసన. పసుపు వాసన లేదు.

అదే చివరిసారి. మళ్ళీ ఎప్పుడూ తడవలేదు. ఊరు దాటించాక తడి ఆరిందని జనం అనే మాటకు ఇది సాక్ష్యంలాగా కనపడుతుందని నాకు తెలుసు. అయినా జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. తర్వాత ఎన్నో బండ్లలో నీళ్ళు కారే చోట్లు పట్టుకున్నాను. యుద్ధం రోజుల్లో బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులకు గిద్దలూరులో నేను పెట్టుకున్న షెడ్డే గతి. నీరు దారి లేకుండా రాదు. ఆ రోజు దారి నాకు దొరకలేదు, అంతే.

పోయిన ఏడు పొదిలి సంతలో ఆమెను చూశాను. చెల్లెలి ఇంట్లో ఉంటోందట. జుట్టు పూర్తిగా నెరిసింది. ముందు నన్ను గుర్తుపట్టలేదు. "నేను, అక్కా. కారు డ్రైవర్ని" అన్నాను.

ఆమె అడిగిన మొదటి మాట, "గుంత పూడినాదా?"

"లేదక్కా. అట్లనే ఉండాది. ఆయన పోయినాడు, గని చేతులు మారింది. గుంత మాత్రం అట్లనే."

"ఎవరన్నా...?"

"మొన్నామధ్య ఒక ఆవు పడింది. మనుషులెవరూ పడలేదు."

ఆమె తల ఊపింది. నిలబడే మొత్తం చెప్పేశాను. గుంత పూడ్పిస్తానన్న మాట విన్నానని, వినలేదని అబద్ధం చెప్పానని, గొట్టం మూసింది నేనని, తనను ఊరినుంచి తోలింది నా చేతి ముద్దేనని. కొడుతుందేమోనని, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"కడసారి నువ్వు మూసినావు. సరే. మరి మొదటి రెండుసార్లు?"

"అది అక్షింతలక్కా. గొట్టంలో ఇరుక్కుపోయినాయి."

"మా పిల్ల కాదా?"

ఆ అడగడం విన్నాక గానీ, ఆనాడు పైటకొంగు వెనక ఆమె దాచుకున్నది ఏమిటో నాకు తెలియలేదు. అయ్యగారు రారని చెప్పిన పిల్ల వచ్చిందని, గుంత పూడ్చమని తన బదులు అడిగిందని, ఇన్నేళ్ళూ ఆ ఒక్క దాన్ని పట్టుకొని బతికింది. మంత్రగత్తె అని తోలితే మారు మాట్లాడకుండా ఎందుకు పోయిందో కూడా అప్పుడే అర్థమైంది. పిల్ల రాలేదంటే తను పోగొట్టుకొనేది ఊరికంటే పెద్దది.

నిజం చెప్పడానికి వచ్చినవాణ్ణి, సగంలో ఆపలేను గదా. ఆ చివరి రోజు సంగతి కూడా చెప్పాను. కడగని కారు, తెల్లగా ఉన్న పొడి, తడిసిన సీటు.

"ఏ దినం అది?"

"నువ్వు మేకను పట్టుకొని రోడ్డు మీద పోయిన దినం."

ఆమె సంత వైపు తిరిగి నిలబడింది. తర్వాత, "నువ్వు సరింగ వెతికినావా?" అన్నది.

"వెతికినానక్కా."

"ఊఁ" అన్నది. పచ్చిమిరపకాయల గంప ఎత్తించమని సైగ చేసింది. ఎత్తాను. నాలుగడుగులు వేసి ఆగి, తల తిప్పకుండా, "గుంత పూడ్పియ్యి నాయనా. సాక్షివి నువ్వే గదా" అన్నది.

గని ఇప్పుడు ఎవరి చేతిలో ఉందో వాళ్ళు ఇది చదువుతారో లేదో తెలియదు. చదివితే, ఆ గుంత పూడుస్తానని పాత యజమాని మాట ఇచ్చింది నిజం. నేను విన్నాను. కారులో, కంకర పరిచిన రోడ్డు మీద, పట్టపగలు, తల్లి భుజానికి తల ఆనించి ఆ పిల్ల కూర్చొని ఉండగా విన్నాను. వచ్చే వారం నుంచి నా షెడ్డు లారీని, ఖాళీ ఉన్న రోజుల్లో, తుక్కు పలక తోలడానికి పంపుతున్నాను. వాళ్ళు అడ్డం రాకుంటే చాలు.